ఇరవయ్యేళ్లు దాటిన బీఎండబ్ల్యూ ఈ39 ఎం5: ముందు దేనికి చెయ్యి పెట్టాలి?

ఆరోగేరు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. నా దగ్గరున్నది 2002లో తయారైన బీఎండబ్ల్యూ ఎం5, ఈ39 తరానిది. మీటరు రెండు లక్షల కిలోమీటర్లు దాటింది. చాలాకాలంగా నా దగ్గరే ఉంది, అమ్మే ఉద్దేశం లేదు. రోజూ తీయను, సెలవు రోజుల్లోనూ దూర ప్రయాణాలకూ వాడతాను.

ఈమధ్య పూర్తి తనిఖీ చేయిస్తే పెద్ద జాబితా చేతిలో పెట్టారు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు కొన్ని సెకన్ల పాటు డబ్బాలో గోలీలు ఆడించినట్టు చప్పుడు. అది వానోస్ (వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే భాగం) అంటున్నారు. రెండు వాల్వ్ కవర్ల అంచుల్లో నూనె చెమరుస్తోంది. కూలెంట్ హోసులు, ఎక్స్‌పాన్షన్ ట్యాంకు కారుతో వచ్చినవే. గంటకు 80, 90 కి.మీ. వేగంలో బ్రేకు నొక్కితే స్టీరింగ్ వణుకుతోంది, నేరుగా వెళ్లేటప్పుడు కాస్త లూజు కూడా ఉంది. న్యూట్రల్‌లో గేర్‌బాక్స్ వైపు నుంచి గలగల. సెకండరీ ఎయిర్ లోపం కోడ్లు పి1421, పి1423 రెండూ ఉన్నాయి. టైర్లలో గాడి బాగానే ఉంది కానీ పాతవి. డాష్‌బోర్డు మీటర్ల క్లస్టర్‌లో సగం అక్షరాలు కనిపించవు, దానికి నేను అలవాటు పడిపోయాను.

అన్నీ ఒకేసారి చేయిస్తే కారు నెలల తరబడి లిఫ్టు మీదే ఉంటుంది. విడివిడిగా చేయిస్తే దేని తర్వాత ఏది? ఇంజిన్ ముందు, మిగతావి తర్వాత అని గ్యారేజీ వాళ్ల మాట. నాకు కూడా ఆ వానోస్ చప్పుడే టెన్షన్ పెడుతోంది.

నూనెమరక

ఆరోగేరు గారూ, ఏది గట్టిగా అరుస్తోందో అది ముందు అనుకోకండి. ఏది పాడైతే తనతో పాటు ఇంకెన్నిటిని ముంచుతుందో అది చూడండి. నేను పాత కార్లన్నిటికీ ఈ లెక్కే వాడతాను.

అలా చూస్తే మీ జాబితాలో మొదటిది కూలింగ్. రెండో ఆలోచనే వద్దు. మీ కారులోని ఎస్62 వి8 ఇంజిన్ హెడ్లు అల్యూమినియంవి. ఇరవయ్యేళ్ల ప్లాస్టిక్ ట్యాంకు హైవే మీద చీలితే కూలెంట్ నిమిషాల్లో ఖాళీ. ఆ వేడికి హెడ్ వంగిందంటే మీరు భయపడుతున్న వానోస్, చెయినూ, గాస్కెట్లూ అన్నీ ఎలాగూ విప్పాల్సిందే. ఒక ప్లాస్టిక్ ముక్క కోసం ఇంజినంతా పోతుంది. వానోస్ చప్పుడు మాత్రం చాలా కార్లలో ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది, దారి మధ్యలో ఆపేయడం అరుదు.

ఇంకో మాట. డాష్‌బోర్డులోని టెంపరేచర్ ముల్లును నమ్మకండి. అది నిజం చెప్పదు. మామూలు వేడికీ అంతకు బాగా ఎక్కువ వేడికీ మధ్య పెద్ద పరిధిలో అది నడిమధ్యనే నిలబడేలా తయారుచేశారు. ముల్లు కదిలేసరికి ఆలస్యమైపోతుంది. క్లస్టర్‌లో దాగున్న టెస్ట్ మెనూలో 7వ నంబరు కింద అసలు కూలెంట్ ఉష్ణోగ్రత అంకెల్లో కనిపిస్తుంది. దాని తాళం 19వ నంబరులో తీయాలి. పిక్సెళ్లు పోయాయన్నారు కాబట్టి చదవడం కష్టం, అందుకే నేనైతే క్లస్టర్ రిపేరును కూడా అలంకారం కింద లెక్కవేయను.

మార్చాల్సినవి: రేడియేటర్, ట్యాంకు, దాని మూత, పై కింది హోసులు, హీటర్ హోసులు, వాటర్ పంపు, థర్మోస్టాట్, ఫ్యాన్‌కు ఉన్న విస్కస్ క్లచ్, బెల్టులు, వాటి టెన్షనర్లు, పుల్లీలు. ఒక్కటీ మిగల్చొద్దు. సగం కొత్తవి, సగం పాతవి అయితే కొత్త పంపు తోసే ఒత్తిడికి పాత హోసు మెడ దగ్గరే తెగుతుంది.

స్పానర్ సుధ

కూలింగ్ ముందు అన్నదానితో నాకు పేచీ లేదు, నేను పనిచేసే చోట కూడా అదే చెబుతాం. కానీ వానోస్ చప్పుడును అంత తేలిగ్గా పక్కన పెట్టను. ఎందుకంటే మీరు వింటున్నది వానోసే అని ఇంకా ఎవరూ రుజువు చేయలేదు.

ఈ ఇంజిన్లో రెండు చప్పుళ్లు ఒకదానిలాగే ఒకటి వినిపిస్తాయి. రాత్రంతా ఆగిన ఇంజిన్లో వానోస్ యూనిట్ల నుంచి నూనె దిగిపోతుంది, స్టార్ట్ చేయగానే ఒత్తిడి అందేదాకా లోపలి గేర్ల పళ్లు కొట్టుకుంటాయి. రెండు మూడు సెకన్లలో ఆగిపోతుంది. ఇది మీకు నచ్చకపోవచ్చు గానీ ప్రాణాంతకం కాదు. రెండోది టైమింగ్ చెయిన్ గైడ్‌ది. గైడు మీద ప్లాస్టిక్ పూత అరిగి, పగిలి, ముక్కలు సంప్‌లో (ఇంజిన్ కింది నూనె తొట్టెలో) పడతాయి. ఆ ముక్కలు ఆయిల్ పంపు జల్లెడకు అడ్డుపడ్డాయా, నూనెమరక గారి లెక్క ప్రకారమే అది కూలింగ్‌తో సమానమైన ప్రమాదం.

తేడా తెలుసుకోవడానికి పెద్ద ఖర్చు లేదు. వచ్చే ఆయిల్ మార్పులో ఫిల్టర్‌ను అవతల పారేయకుండా కాగితం మడతలు ఒక్కొక్కటీ విప్పి చూడమనండి. గోధుమరంగు ప్లాస్టిక్ పలుకులు కనిపిస్తే ఇక ఆగొద్దు. ఏమీ లేకపోతే ఓసారి సంప్ అడుగు భాగం దింపి జల్లెడ కూడా చూడండి. రెండూ శుభ్రంగా ఉండి, చప్పుడు వేడెక్కాక పూర్తిగా పోతుంటే, వానోస్ పని నిదానంగా పెట్టుకోవచ్చు. ఎప్పుడు విప్పినా దాంతో పాటు చెయిన్ టెన్షనర్, గైడ్లు, క్యామ్ సెన్సార్లు, వాల్వ్ కవర్ గాస్కెట్లు అన్నీ ఒకేసారి. ముందు కవర్ రెండోసారి విప్పాలంటే ఏ మెకానిక్కైనా ఏడుపొస్తుంది.

నాలుగుచక్రాలు

ఎవరూ అనడం లేదు కాబట్టి నేనే అంటాను: అమ్మేయండి. 400 గుర్రాల బలం అప్పట్లో పెద్ద సంగతి. ఇప్పుడు టర్బో ఉన్న ఆరు సిలిండర్ల సెడాన్లు ఆ పని చెమట పట్టకుండా చేస్తాయి, పైగా సగం పెట్రోలు తాగుతాయి. పైన చెప్పిన పనులన్నీ అయ్యాక కూడా మీ చేతిలో ఉండేది ఇరవయ్యేళ్ల పాత కారే. వైరింగ్ వయసు తగ్గదు, సీలింగ్ బట్ట జారకుండా ఆగదు. తిట్టుకోకండి, నాకూ ఇష్టమే ఆ కారంటే. కానీ ఇష్టం వేరు, లెక్క వేరు.

పాతబంగారం

నాలుగుచక్రాలు గారూ, వేగం కోసమే అయితే మీ మాట నూటికి నూరు పాళ్లు నిజం. ఆ కారు ఇంకా ఉంచుకునేవాళ్లు వేగం కోసం ఉంచుకోవడం లేదు. 4.9 లీటర్ల వి8, టర్బో లేదు, ఎనిమిది సిలిండర్లకూ విడివిడిగా ఎనిమిది థ్రాటిల్ బాడీలు, 6,600 ఆర్‌పీఎం దగ్గర పూర్తి బలం, ఆరు గేర్ల మాన్యువల్ తప్ప ఇంకో గేర్‌బాక్స్ అసలు ఇవ్వనేలేదు. 1998 నుంచి 2003 దాకా తయారైనవి ఇరవై వేల పైచిలుకే. ఈ మేళవింపుతో కొత్త కారు ఎవరూ తయారుచేయడం లేదు. కాబట్టి కొత్తదానితో పోలిక పెట్టడమే కుదరదు.

ఆరోగేరు గారికి నా సలహా ఒక్కటే. విప్పిన ప్రతి భాగాన్నీ, అది పాడైనదే అయినా, పేరు రాసి దాచండి. ఇంజిన్ భాగాలు ఏదో విధంగా దొరుకుతాయి. ముందు మాయమయ్యేవి లోపలి ట్రిమ్ ముక్కలు, రబ్బరు బీడింగులు, చిన్న క్లిప్పులు. పగిలిన క్లిప్పు కూడా కొలతలకు పనికొస్తుంది.

ఆరోగేరు

అందరికీ ధన్యవాదాలు. సుధ గారూ, ఫిల్టర్ మడతలు విప్పి చూడటం గురించి గ్యారేజీలో ఎవరూ చెప్పలేదు. తప్పకుండా చేయిస్తాను.

ఆయిల్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. నేను 10డబ్ల్యూ-60 వాడుతున్నాను. అంత చిక్కటి నూనె వల్లే ఉదయం చప్పుడు వస్తోందని, 5డబ్ల్యూ-30కి మారమని ఒకాయన చెప్పారు. మొదట్లో తయారైన ఎం5లకు అదే పోసేవాళ్లట కదా?

నూనెమరక

పోసేవాళ్లు, నిజమే. తొలి కార్లకు 5డబ్ల్యూ-30 చెప్పారు. అవి నూనె బాగా తాగాయి. 2000 తొలినాళ్లలో పిస్టన్ రింగులు మార్చి, అప్పటి నుంచి తయారైనవాటికి 10డబ్ల్యూ-60 అన్నారు. మీది 2002 కారు. దాని రింగులు, దాని నూనె ఒకదానికొకటి సరిపోయినవి. నాలుగు సెకన్ల చప్పుడు తగ్గించడానికి ఫుల్ వేగంలో బేరింగుల దగ్గర ఉండాల్సిన నూనె పొరను పలచన చేసుకోవడం ఏం బేరం?

చిక్కటి నూనెతో అసలు జాగ్రత్త ఏమిటంటే వేడెక్కనివ్వడం. అందుకే ఆర్‌పీఎం మీటరు చుట్టూ ఆ ఆరెంజ్ దీపాలు పెట్టారు. నూనె వేడెక్కేకొద్దీ ఒక్కొక్కటే ఆరుతూ, ఎంతవరకు తిప్పొచ్చో చూపిస్తాయి. ఈ కారులో మైలేజీ ముల్లు ఉండాల్సిన చోట ఆయిల్ టెంపరేచర్ ముల్లు ఉంటుంది. కూలెంట్ ముల్లు మధ్యకు వచ్చిన చాలాసేపటికి గానీ అది లేవదు. చాలామంది కూలెంట్ చూసి 'ఇంజిన్ వేడెక్కింది' అని తొక్కేస్తారు. అప్పటికి నూనె ఇంకా చల్లగానే ఉంటుంది. అదే సమయంలో ఇంజిన్ నిలబెట్టి ఐడిల్‌లో వేడి చేయడం కూడా మంచిది కాదు, మెల్లగా నడుపుతూనే వేడి చేయాలి.

లెవెల్ విషయంలో ఇంకా కచ్చితంగా ఉండాలి. పెద్ద వంపుల్లో నూనె ఒకవైపుకి పోతే, ఏ వైపు నుంచి లాగాలో పక్కకు తోసే బలాన్ని బట్టి మార్చుకునే ఏర్పాటు ఈ ఇంజిన్లో ఉంది. చాలా తెలివైన పని. కానీ సంప్‌లో నూనె ఉంటేనే కదా అది లాగేది! పెట్రోలు పోయించుకున్న ప్రతిసారీ డిప్‌స్టిక్ చూడటం మానొద్దు. కంపెనీ చెప్పిన పెద్ద వ్యవధి కోసం ఆగకుండా 10,000 కి.మీ.కో, ఏడాదికో, ఏది ముందొస్తే అప్పుడు మార్చేయండి. తక్కువ తిరిగే కారుకి ఏడాదే ముందొస్తుంది.

మార్చినప్పుడు చిన్న సీసాలో పట్టి ల్యాబుకి పంపండి. సీసం, రాగి పెరుగుతూ వస్తుంటే కనెక్టింగ్ రాడ్ బేరింగుల అరుగుదల. సిలికాన్ ఎక్కువుంటే గాలి ఫిల్టర్ దగ్గర ఎక్కడో దుమ్ము పీలుస్తోంది. సోడియం, పొటాషియం కనిపిస్తే కూలెంట్ లోపలికి వస్తోందేమో చూడాలి. ఒక్క రిపోర్టు చూసి ఏమీ తేల్చలేం, వరసగా మూడు నాలుగు ఉంటేనే అర్థం ఉంటుంది.

రెడ్‌లైన్

అన్నలూ, అక్కా, చర్చ పక్కదారి పట్టిస్తున్నందుకు క్షమించండి. ఇది చదివాక నాకు ఇలాంటి కారు ఇంకా గట్టిగా కావాలనిపిస్తోంది, నాకేదో తేడా ఉన్నట్టుంది. ఈ39 దొరక్కపోతే దాని తర్వాతి ఈ60 ఎం5, వి10 ఇంజిన్‌ది చూడొచ్చా? లేకపోతే ఆడి బీ7 ఆర్ఎస్4? మెర్సిడెస్ ఏఎంజీ 6.2 లీటర్లది? ఏది తక్కువ ఏడిపిస్తుంది?

ఆర్ఎస్ ప్రియుడు

రెడ్‌లైన్ బ్రో, తక్కువ ఏడిపించేది ఏదీ లేదు. ఒక్కోటి ఒక్కో చోట ఏడిపిస్తుంది, ఆ చోటు ముందే తెలిసుంటే సగం సమస్య తీరినట్టే.

ఈ60 వి10 అంటే 507 గుర్రాలు, 8,250 ఆర్‌పీఎం. పాట అద్భుతం. దానికి రాడ్ బేరింగుల అరుగుదల అందరికీ తెలిసిన బలహీనత. చాలామంది దాన్ని రిపేరు అనుకోరు, టైర్లలాగా వ్యవధి ప్రకారం మార్చే భాగం అనుకుంటారు. మార్చిన బిల్లు లేని కారు కొంటుంటే ఆ పని మీ ఖాతాలో వేసుకునే బేరం ఆడండి. క్లచ్ పెడల్ లేని ఎస్ఎంజీ గేర్‌బాక్స్ హైడ్రాలిక్ పంపు గురించి కూడా విడిగా చదవండి.

ఏఎంజీ 6.2 లీటర్ల ఎం156లో తొలి ఇంజిన్లకు హెడ్ బోల్టుల సమస్య. తర్వాత బోల్టులు మార్చారు. ఇంజిన్ నంబరు చూసి ఏ బోల్టులతో వచ్చిందో తెలుసుకోవచ్చు.

నా దగ్గరున్నది ఆర్ఎస్4. 4.2 లీటర్లు, 420 గుర్రాలు. పెట్రోలు నేరుగా సిలిండర్లోకి చిమ్ముతుంది కాబట్టి ఇన్‌టేక్ వాల్వుల వెనక వైపు పెట్రోలు తగలదు, కడిగే దిక్కు లేదు. బ్రీదర్ నుంచి వచ్చే నూనె ఆవిరి అక్కడ మసిలా పేరుకుంటుంది. మానిఫోల్డ్ విప్పి, అక్రోటు పొట్టు పొడిని గాలితో కొట్టి శుభ్రం చేయిస్తే కారుకి మళ్లీ ఊపిరి వచ్చినట్టుంటుంది. సస్పెన్షన్లో డీఆర్‌సీ అని మూల నుంచి మూలకు కలిపిన హైడ్రాలిక్ డాంపర్లు ఉంటాయి, అవి లీకైతే చాలామంది మామూలు కాయిలోవర్లకు (స్ప్రింగు, డాంపర్ కలిసి ఉండేవి) మారిపోతారు.

ఈ మూడిటితో పోలిస్తే ఈ39 సాధువు. అందుకే మంచివి ఎవరూ అమ్మడం లేదు.

స్పానర్ సుధ

మళ్లీ అసలు విషయానికి వద్దాం. స్టీరింగ్ వణుకు గురించి ఎవరూ మాట్లాడలేదు.

బ్రేకు నొక్కినప్పుడు వణికితే అందరూ ముందు డిస్కులు మార్చేస్తారు. ఈ39 వి8లలో ఎక్కువసార్లు తప్పు డిస్కుది కాదు, ముందు త్రస్ట్ ఆర్మ్ (చక్రాన్ని ముందుకి వెనక్కి పోకుండా పట్టి ఉంచే కడ్డీ) బుష్‌లది. రబ్బరు చీలి, బ్రేకు వేసినప్పుడు చక్రం కాస్త వెనక్కి ముందుకి ఊగుతుంది. కొత్త డిస్కులు వేస్తే నాలుగు వారాలు బాగుంటుంది, మళ్లీ మొదలు. ఆర్మ్‌లు రెండు వైపులా జంటగా మార్చండి. పెట్టె మీద లెమ్‌ఫోర్డర్ అని ఉన్నవి కొంటే చాలు. కంపెనీ పెట్టెలో వచ్చేవీ వాళ్లు చేసినవే. రేడియేటర్‌కు బెహర్, క్లచ్‌కు సాక్స్, అదే సంగతి.

ఇక లూజు. ఆరు సిలిండర్ల ఈ39కి ర్యాక్ స్టీరింగ్ ఉంటుంది, వి8లకు జాగా చాలక పాతకాలపు రీసర్క్యులేటింగ్ బాల్ బాక్స్ పెట్టారు. దాంతో పాటు స్టీరింగ్ కదలికను చక్రాలకు చేర్చే సెంటర్ లింక్, ఐడ్లర్ ఆర్మ్ వచ్చాయి. లూజు ముందు వాటిలో వెతకాలి. ఐడ్లర్ బుష్ అరిగితే కారు రోడ్డు మీద తేలుతున్నట్టుంటుంది. బాక్స్ మీద ఒక అడ్జస్ట్‌మెంట్ స్క్రూ కనిపిస్తుంది, 'పావు తిప్పు తిప్పితే సరిపోతుంది' అనేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. అరిగిన లింకులు అలాగే ఉంచి ఆ స్క్రూ బిగిస్తే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. వంపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను నేరుగా రాకుండా పట్టేస్తుంది. లింకులన్నీ కొత్తవైనాకా లూజు మిగిలితే అప్పుడు చూద్దాం ఆ స్క్రూ సంగతి.

పాతబంగారం

సుధ గారు టైర్ల మాట వదిలేశారు, నేనందుకుంటాను. ఆరోగేరు గారూ, మీరు 'గాడి బాగానే ఉంది కానీ పాతవి' అని ఒక్క ముక్కలో దాటేశారు. నాకు ఆ జాబితాలో అన్నిటికన్నా భయం వేసింది దానికే. టైరు పక్క గోడ మీద డాట్ అక్షరాల తర్వాత చివర నాలుగు అంకెలు చూడండి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2316 అంటే 2016లో 23వ వారం. తక్కువ తిరిగే కార్లలో టైర్లు అరిగి పోవు, ఎండి పోతాయి. రబ్బరు గట్టిపడితే తడి రోడ్డు మీద పట్టు ఉండదు. 500 న్యూటన్ మీటర్ల టార్కు వెనక చక్రాలకు వెళ్తున్న కారది. ముందు 245/40, వెనక 275/35, అన్నీ 18 అంగుళాలవి. నాలుగూ ఒకే రకానివి, ఒకేసారి.

బ్రేకు ద్రవం కూడా ఇంతే. కారు కదలకపోయినా అది గాలిలో తేమ పీల్చుకుంటూనే ఉంటుంది. తేమ చేరితే మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది, ఘాట్‌లో దిగేటప్పుడు పెడల్ మెత్తబడుతుంది. రెండేళ్లకోసారి, కిలోమీటర్లతో సంబంధం లేకుండా మార్చాలి. క్లచ్ కూడా అదే ద్రవంతో పనిచేస్తుంది, దాన్ని మరిచిపోతారు.

నిలబెట్టే కారుకి డిక్కీలోని బ్యాటరీకి మెయింటెయినర్ తగిలించండి. వోల్టేజీ పడిపోతే ఈ కారు లేని లోపాలన్నీ చూపిస్తుంది. అప్పుడప్పుడు అయిదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం మాత్రం వద్దు. నూనెలోకి, సైలెన్సర్లోకి నీరు చేరుతుంది తప్ప లాభం లేదు. తీస్తే పూర్తిగా వేడెక్కేలా తిప్పండి, లేకపోతే తీయకండి.

ఆరోగేరు

కొంచెం ఆలస్యమైంది, కానీ పనులు మొదలయ్యాయి.

కూలింగ్ మొత్తం అయిపోయింది. పాత ట్యాంకు బయటకు తీసి వేలితో నొక్కితే మెడ దగ్గర ముక్క ఊడి చేతికొచ్చింది. ఇంతకంటే చెప్పక్కర్లేదు. నూనెమరక గారికి ప్రత్యేకంగా దండం. క్లస్టర్ కూడా రిపేరుకి ఇచ్చాను, ఇప్పుడు 7వ నంబరు మెనూ హాయిగా కనిపిస్తోంది. ట్రాఫిక్‌లో అంకెలు పైకి పోతూ, ఫ్యాన్ పట్టుకోగానే దిగుతూ ఉంటే ముల్లు మాత్రం ఇసుమంతైనా కదలడం లేదు! ఇన్నేళ్లూ దాన్ని చూసి ధైర్యంగా ఉన్నానన్నమాట.

ఆయిల్ మార్చినప్పుడు ఫిల్టర్ మడతలన్నీ విప్పాం. ప్లాస్టిక్ లేదు. సంప్ దింపాం, జల్లెడ శుభ్రం. శాంపిల్ ల్యాబుకి వెళ్లింది. టైర్లు ఆర్డరిచ్చాను.

ఇప్పుడు రెండు ప్రశ్నలు. ఆ సెకండరీ ఎయిర్ కోడ్లు వదిలేయొచ్చా? న్యూట్రల్‌లో గలగల ఫ్లైవీల్‌దేనా, ఎప్పుడు విప్పాలి?

నూనెమరక

ఆ ట్యాంకు ముక్క ఫోటో పెట్టండి, కొత్తవాళ్లకు పాఠంగా ఉంటుంది.

సెకండరీ ఎయిర్ అంటే చల్లటి ఇంజిన్ స్టార్టైన మొదటి నిమిషంలో పొగగొట్టంలోకి అదనంగా గాలి తోసి, క్యాటలిటిక్ కన్వర్టర్‌ను త్వరగా వేడెక్కించే ఏర్పాటు. ఎస్62లో ఆ గాలి హెడ్‌లోని సన్నటి దారుల గుండా పోతుంది. ఆ దారులు మసితో పూడుకుపోతే గాలి చాలదు, రెండు వైపులా కోడ్లు వస్తాయి. కారు నడవడానికి దానితో పనిలేదు, వేడెక్కాక అది అసలు పనిచేయదు. కాబట్టి నా లెక్కలో ఇది చివర. అయితే మీరున్నచోట పొగ పరీక్షలో కోడ్లు చదువుతారంటే వరస మారుతుంది.

దీనికి ముందు చవకైనవి చూడండి: ఎయిర్ పంపు తిరుగుతోందా, చెక్ వాల్వులు పట్టేశాయా, వాక్యూమ్ గొట్టాలు పగిలాయా. ఇవన్నీ బాగుంటేనే మసి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, ఆ మసికి కారణం నూనె మండటం. దారులు గీకించి, నూనె తాగుడు వదిలేస్తే మళ్లీ పూడుకుంటాయి. క్రాంక్‌కేస్ బ్రీదర్ గొట్టాలు, సెపరేటర్ కూడా అదే విడతలో చూపించండి.

స్పానర్ సుధ

గలగల గురించి: ఇంజిన్ ఐడిల్‌లో, న్యూట్రల్‌లో, క్లచ్ వదిలేసి వినండి. తర్వాత పెడల్ పూర్తిగా నొక్కండి. నొక్కినప్పుడు పోతే గేర్‌బాక్స్ లోపలి షాఫ్టుల చప్పుడు లేదా డ్యుయల్ మాస్ ఫ్లైవీల్ (రెండు ముక్కలుగా ఉండే ఫ్లైవీల్) లోపలి స్ప్రింగులు సడలడం. నొక్కినప్పుడే వస్తే రిలీజ్ బేరింగ్. మీరు రాసినదాన్ని బట్టి మొదటిదే అనుకుంటున్నా.

క్లచ్ జారడం లేదు, స్టార్ట్ చేసేటప్పుడూ ఆపేటప్పుడూ దడదడమని కొట్టుకోవడం లేదు కదా? అయితే ఇప్పుడు విప్పకండి. క్లచ్ అరిగే రోజున గేర్‌బాక్స్ ఎలాగూ దిగుతుంది, అప్పుడే ఫ్లైవీల్, క్రాంక్ వెనక సీల్, పైలట్ బేరింగ్, గేరు రాడ్ బుష్‌లు, డ్రైవ్‌షాఫ్ట్‌కు ముందుండే రబ్బరు డిస్కు, మధ్య బేరింగ్ అన్నీ వేసేయండి. ఒకే కూలీతో ఆరు పనులు. చవగ్గా వస్తుందని సింగిల్ మాస్ ఫ్లైవీల్ వేయమంటారు కొందరు. వేసుకుంటే ఇప్పుడున్న గలగల మీకు సంగీతంలా గుర్తొస్తుంది.

నాలుగుచక్రాలు

నేను మళ్లీ వచ్చాను. ఒప్పుకోవడానికి కాదు! వరస బాగుంది, కాదనను. కానీ మీరెవరూ లెక్కలో వేయనిది కాలం. విడిభాగం కోసం ఆగడం, మెకానిక్ ఖాళీ కోసం ఆగడం, ఒకటి విప్పితే ఇంకోటి బయటపడటం. ఇంట్లో రెండో కారు లేనివాడికి ఇవేవీ కుదరవు. రెడ్‌లైన్ తమ్ముడూ, నువ్వు ముందు ఆ రెండో కారు సంగతి తేల్చుకుని అప్పుడు వి8లూ వి10లూ వెతుకు.

రెడ్‌లైన్

రెండో కారు ఉందన్నా. మొదటిదే లేదు 😄

కొనడానికి వెళ్లినప్పుడు ఈ39లో ఏం చూడాలి? ఇంజిన్ కాకుండా.

పాతబంగారం

తుప్పు. ఇంజిన్ బాగుచేసుకోవచ్చు, బాడీ పోతే కారు పోయినట్టే. జాక్ పెట్టే చోట్లు, వాటిని కప్పే కింది ప్లాస్టిక్ కవర్ల లోపలి వైపు, వెనక చక్రాల పై అంచులు, డిక్కీ మూత మీద నంబరు ప్లేటు లైట్ల దగ్గర. కవర్లు విప్పనివ్వని అమ్మకందారు దగ్గర ఎక్కువసేపు నిలబడకు. ఆ తర్వాత బిల్లులు. తిరిగిన కిలోమీటర్లు తక్కువని మురిసిపోకు, పదేళ్లు షెడ్డులో నిద్రపోయిన కారు కన్నా ప్రతి ఏడూ ఆయిల్ మారుస్తూ తిరిగిన కారు మేలు. ఏబీఎస్, డీఎస్‌సీ (కారు జారకుండా చూసే ఏర్పాటు) లైట్లు వెలుగుతున్నాయంటే మాడ్యూల్ అని వెంటనే భయపడకు, చక్రాల స్పీడ్ సెన్సార్లు ముందు చూపించు. మాడ్యూలే అయినా దాన్ని విప్పి సోల్డర్ సరిచేసేవాళ్లున్నారు.

ఆర్ఎస్ ప్రియుడు

ఇంకోటి కలుపుతాను. పాత ఈ39లకు బోనెట్ కింద లోపాలు చదివే 20 పిన్నుల గుండ్రటి సాకెట్ ఉంటుంది. సీటు ముందున్న మామూలు ఓబీడీ సాకెట్‌కు చవక రీడర్ తగిలిస్తే అన్ని మాడ్యూళ్లూ కనిపించవు. సరైన కేబుల్ ఉన్నవాణ్ణి వెంట తీసుకెళ్లు.

ఆరోగేరు

ల్యాబు రిపోర్టు వచ్చింది. సీసం, రాగి రెండూ తక్కువే అన్నారు, కూలెంట్ జాడ లేదు. మొదటి రిపోర్టు కాబట్టి దాచి పెట్టాను, వచ్చే ఏడు దాంతో పోలుస్తాను. వానోస్, వాల్వ్ కవర్లు కలిపి ఒకే విడతలో వర్షాల్లో చేయిద్దామని అనుకుంటున్నా, అప్పుడు కారు ఎలాగూ బయటకు తీయను. సెకండరీ ఎయిర్ దాని తర్వాత.

వచ్చే వారం త్రస్ట్ ఆర్మ్‌లు, సెంటర్ లింక్, ఐడ్లర్. సుధ గారూ, గ్యారేజీ వాళ్లకు ప్రత్యేకంగా ఏమైనా చెప్పాలా?

స్పానర్ సుధ

ఒకటే చెప్పండి, దగ్గరుండి చూసుకోండి. కారు లిఫ్టు మీద చక్రాలు వేలాడుతుండగా బుష్ బోల్టులు ఆఖరి బిగింపు బిగించకూడదు. చేతి బిగువుతో వదిలేసి, చక్రాలు నేల మీద ఆని, కారు బరువంతా సస్పెన్షన్ మీద పడ్డాక టార్క్ రెంచ్‌తో బిగించాలి. లేకపోతే రబ్బరు మామూలు ఎత్తులోనే మెలి తిరిగి ఉంటుంది, కొత్త బుష్ ఏడాది తిరక్కుండా చీలుతుంది. తర్వాత అలైన్‌మెంట్, అది కూడా కొత్త టైర్లు వచ్చాకే. పాత టైర్ల మీద చేయించి మళ్లీ చేయించుకోకండి.